దూరప్రయాణపు మూటాముల్లె

చరిత్ర యనఁగా రాజుల పట్టాభిషేకములును, కోటల ముట్టడులును అని మనము చిన్ననాఁడు చదువుకొంటిమి. కాని రాజు దండు వెడలినను, వర్తకుఁడు సంతకుఁ బోయినను, ముసలమ్మ కాశికిఁ బయలుదేఱినను, మొదట వచ్చిన ప్రశ్నలు రెండే. వెంట నేమి తీసికొనిపోవలెను? దానిని మోయువా రెవరు? ఈ ప్రశ్నలకుఁ దెలుఁగుదేశమున ఒక్కొక్క కాలమున ఒక్కొక్క సమాధానము చెప్పుకొనిరి. ఆ సమాధానముల చరిత్రనే నేఁడు మనవి చేయఁదలఁచితిని.

ఇట్టి విషయము పెద్దలకుఁ జెప్పనేల యని మీ రడుగవచ్చును. కారణము కలదు. హైదరాబాదు నగరమున అమీరుపేట పంజాగుట్టల చెంత కృష్ణానగర మను పేట యున్నది. చలనచిత్రములలోఁ బనిచేయు బీదసాదలును, ఉద్యోగములు వెదకుకొను పల్లెటూరి పిల్లలును అద్దెగదులలో నివసించు చోటది. సెలవుదినములు రెండుమూఁడు కలిసివచ్చినచోఁ దెల్లవాఱకమున్నే యచ్చటి యువకులు మోటారు సైకిళ్లకు మూటలు గట్టుకొని శ్రీశైలమునకో, అరకులోయకో బయలుదేఱుదురు. మఱికొందఱు నెలకు సరిపడ సెలవు సంపాదించుకొని, హిమాలయముల నడుమనున్న లేహ్ పట్టణము దాఁకఁ బోయి వత్తురు. వారిలో మీ మనుమలును ఉండవచ్చును. బండి వెనుక చక్రమున కిరుప్రక్కల వ్రేలాడు సంచులను వారు శాడిల్ బ్యాగు లందురు, క్రొత్తవస్తు వనుకొందురు. మాట క్రొత్తదే కాని వస్తువు క్రొత్తది కాదు. దానికిఁ దెలుఁగువారు ఏడెనిమిది వందల యేండ్లకుఁ బూర్వమే పెరిక యని పేరు పెట్టుకొనియున్నారు.

పెరిక యనఁగా ఎద్దు వీఁపుమీఁద అడ్డముగా వేయు జోడుగోనె. సగము కుడిప్రక్కను, సగము ఎడమప్రక్కను వ్రేలాడును. కొన్ని సీమలయందు కంట్లమనియు నందురు. కాకతీయుల నాఁటి శాసనములలో సరకులమీఁది సుంకములను పెరికల లెక్కను జెప్పిన చోట్లు గలవు. అనఁగా నాఁటి వర్తకమునకుఁ గొలమానము బండి కాదు, ఎద్దు వీఁపు. ఈ గోనెలు నేయుచు, ఎడ్లమీఁద ఉప్పును ధాన్యమును వేసికొని ఊరూరఁ దిరిగినవారికి పెరికవారను కులనామమే యేర్పడినది. బండ్లు నడవఁదగిన బాటలు నాఁడు స్వల్పము. వానలు పడినచో నల్లరేగడి నేలలలో బండి యిరుసుదాఁక దిగఁబడును. కనుమలలో బండికిఁ దావే లేదు. ఎద్దో, కాలిబాట యున్నచోట నెల్లఁ బోఁగలదు.

పెరిక వేయుటలో నొక శాస్త్రము కలదు. రెండు ప్రక్కల తూకమును సమానముగా నుండవలెను. ఒకవైపు వీసెఁడు బరువు మొగ్గినను గోనె యటు జాఱును. జాఱిన గోనె వీఁపును ఒరయును. ఒరసినచోటఁ బుండు పడును. పుండుపడిన యెద్దు నాలుగు మజిలీలకుఁ బనికిరాదు. కావున ఎంత మోయింపవలె నను ప్రశ్నకంటె ముందు, ఎట్లు పంచవలె నను ప్రశ్న వచ్చెడిది. ఈ సూత్రమును మనసునం దుంచుకొనుఁడు. చివరకు మోటారు సైకిలు దగ్గఱ దీనితో మరల పని పడును.

ఈ విద్యలో అందఱికంటె ఆఱితేఱినవారు లంబాడీలు. వారినే బంజారాలనియు, సుగాలీలనియు నందురు. పదునేడవ శతాబ్దమున గోలకొండకుఁ బలుమాఱు వచ్చిన టావెర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుఁడు, ఈ దేశమున ధాన్యమును ఉప్పును మోయు పదివేలు, పండ్రెండువేల యెడ్ల బిడారులను గూర్చి తన గ్రంథమున వ్రాసియున్నాఁడు. అంతటి బిడారు ఇఱుకుబాటలో నెదురైనచో బాటసారులు అది దాఁటిపోవు దాఁక ప్రక్కకుఁ దొలఁగి నిలువవలసినదే. లంబాడీలు దినమునకు ఆఱేడు మైళ్లకు మించి నడువరు. ఎడ్లకు మేత మోసికొనిపోరు. దారిప్రక్క గడ్డియే మేత. అందువలననే వారి మోఁతకూలి చౌక. రాత్రి మజిలీలో గోనెలను చుట్టును గోడవలెఁ బేర్చి, నడుమ పిల్లలును పశువులును విశ్రమించునట్లు చేసికొందురు. పగలు బరువైనదే రాత్రి కోట యగును. 1791–92 సంవత్సరములలో టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధమున ఇంగ్లీషు సేనలకు ధాన్యము నందించినవారును వీరే. కృష్ణానగరమునకుఁ జేరువనున్న బంజారాహిల్సు అను సంపన్నుల పేట యీ బంజారాల పేరనే వెలసినది. ఆ గుట్టలమీఁద మేడలు లేచిన పిదప ఆ పేరున కర్థ మేమని యడుగువారు తగ్గిరి.

ఎద్దులు లేనివాఁడు కావడి యెత్తుకొనెను. కావడి యన్నను పెరిక యన్నను సూత్ర మొక్కటే. బద్ద కిరుకొనల సమానమైన బరువు, నడుమ ఒక భుజము. కాశీయాత్ర చేయువారిలో ననేకులు కావడితోనే నడిచిరి. కాశికిఁ బోయినవాఁడును కాటికిఁ బోయినవాఁడును ఒకటే యను సామెత పుట్టిన కాలమది. తిరిగివచ్చుట నమ్మకము లేని ప్రయాణమునకు మూట గట్టుట సామాన్యపు పని కాదు. ఒక పంచె, ఒక కంబళి, మడిబట్ట, వంటకు చిన్న యిత్తడిగిన్నె, నీళ్లకు చెంబు, చేఁదుటకు సన్నని త్రాడు, ఇవి విడువరానివి. త్రాడు మఱచినవాఁడు నూతియొడ్డున దప్పికతో నిలువవలసివచ్చెడిది. తిండికి అటుకులు, పేలపిండి, సత్తుపిండి, చింతపండు, ఉప్పు, కారము, ఎండిన ఊరఁగాయ. ఇవి తేలికవి, చెడనివి. నీళ్లు దొరకినచోఁ బొయ్యి లేకయే కడుపు నింపునవి. రూకలను నడుమునకుఁ గట్టుకొను సంచిలోఁ గొంతయు, వేఱొకచోటఁ గొంతయు దాఁచెడివారు. మరలివచ్చునపుడు కాశీచెంబులలో గంగ వచ్చెడిది. కనుకఁ బోవునపుడే తిరుగుకావడికిఁ జోటు చూచుకొనవలెను.

ఇంతవఱకుఁ జెప్పినది పేదల మూట. సంపన్నుల మూట యెట్లుండెడిదో తెలిసికొనుటకు మనకు అపూర్వమైన సాక్ష్యము కలదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టున ద్విభాషిగా నుండినవారు. ఆయన 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీన చెన్నపట్టణము విడిచి కాశికి బయలుదేఱి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. పదునైదు మాసములకుఁ బైఁబడిన ప్రయాణము. దారిలోఁ దమ మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి వ్రాయుచు వచ్చిన సంగతులే, వారి మరణానంతరము 1838లో కాశీయాత్ర చరిత్ర యను పేర వెలువడినవి. దిగవల్లి వేంకటశివరావుగారు 1941లో దానిని మరల నచ్చొత్తించి లోకమునకు మహోపకారము చేసిరి.

వీరాస్వామయ్యగారితోఁ బయలుదేఱిన పరివారము సుమారు నూఱుమంది. బంధువులు, బ్రాహ్మణులు, పరిచారకులు, పల్లకీ మోయు బోయీలు, సామాను మోయువారు, వెంట డేరాలు. కడప, శ్రీశైలము, వనపర్తి, హైదరాబాదు, నిర్మల, నాగపురము, జబ్బల్పూరు మీఁదుగాఁ బ్రయాగకును, కాశికిని ఆయన పోయిరి. ఆ గ్రంథమునఁ జదువరిని ఆకర్షించు విశేష మొకటి కలదు. మజిలీ మజిలీకి ఆయన వ్రాసిన దేమి? ఈ యూర నిండ్లెన్ని, అంగళ్లు కలవా, సరకులు దొరకునా, నీరు నూతిదా చెఱువుదా, దిగుటకు సత్రము కలదా తోఁపు కలదా, ముందు బాట గులకయా యిసుకయా అడవియా! పండితులు కొందఱు ఇది కావ్యము కాదు, పట్టిక యందురు. కాని మూట గట్టువానికి ఇదియే కావలసిన విద్య. ముందు మజిలీలో బియ్యము దొరకునని తెలిసినచో నేఁడు బియ్యము మోయనక్కఱ లేదు. దొరకదని తెలిసినచో మూఁడుదినములకు ముందే కొనవలెను. దారి యెంత తెలిసిన మూట యంత తేలిక. వీరాస్వామయ్యగారు తమ తరువాతి బాటసారుల మూటబరువు తగ్గించుటకే ఆ లెక్కలు వ్రాసినట్లు నాకుఁ దోఁచును.

ఇఁక రెండవ ప్రశ్నకు వత్తము. మోసినవా రెవరు? డేరాలును, పాత్రలును, పెట్టెలును తమంతఁ దాము నడువలేదు. వీరాస్వామయ్యగారు ధర్మాత్ములు, కూలి యిచ్చి మోయించుకొనిరి. అందఱును అట్లు చేయలేదు. మన తెలంగాణమున వెట్టి యను దురాచార ముండెడిది. అధికారి దౌరాకు వచ్చినచో, ఊరి బేగారులు ఆయన పరుపుచుట్టను, పెట్టెలను, వంటపాత్రలను తలకెత్తుకొని తరువాతి యూరు దాఁక నడువవలెను. కూలి లేదు, కాదనుట కధికారము లేదు. తన చేను కోఁతకు వచ్చియున్నను, ఇంట బిడ్డ జ్వరముతోఁ బడియున్నను మూట యెత్తవలసినదే. దొర వచ్చినను, దొరవారి చుట్టము వచ్చినను ఇదే తంతు. ఎద్దు పుండు కాకికి నొప్పా యని మనవారు చెప్పిన సామెత ఇచ్చట నక్షరాల సరిపోవును. ఎద్దు వీఁపు పుండుపడునని పెరికవాఁడు రెండుగోనెలను తూఁచి వేసెను. బేగారి తలమీఁది పెట్టెను తూఁచినవాఁడు లేఁడు. మోయువాఁడు వేఱు, మోయించువాఁడు వేఱు ఐనచో మూటకు మితి యుండదు. తనమెడ నొవ్వదు గనుక దౌరా దొర పడకకుర్చీని సైతము మోయించుకొనెను.

ఈ యన్యాయమును ఎత్తిచూపినవారిలో అగ్రగణ్యులు ఆంధ్ర జనసంఘమువారు. 1921లో హైదరాబాదున ఆ సంఘము పుట్టినది. మాడపాటి హనుమంతరావుగారు మొదలగు పెద్దలు వెట్టిచాకిరినిగూర్చి కరపత్రములు, పుస్తకములు ప్రకటించి గ్రామములకుఁ బంపిరి. 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను మొదటి నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ జరిగెను. తరువాతి తెలంగాణ పోరాటములో వెట్టి నిర్మూలనము ముఖ్యమైన కోరికలలో నొకటి. తుదకు 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము తన 23వ యధికరణమున వెట్టిని నిషేధించెను. ఇతరుని మూటను నిర్బంధముగాఁ దలకెత్తించుట శిక్షార్హమైనదని రాజ్యాంగమే చెప్పినది. మూటాముల్లె చరిత్రలో ఇంతకంటెఁ బెద్ద తేదీ లేదు.

ఈ నడుమ రైలు వచ్చినది. 1874లో వాడి జంక్షను నుండి సికింద్రాబాదునకు ఇనుపదారి పడినది. లంబాడీల యెడ్లకుఁ బనిపోయినది. గోనెలు కొట్టములఁ జేరినవి. వేలకొలఁది కుటుంబములు వ్యవసాయమునకో కూలికో తిరుగవలసివచ్చెను. బాటసారుల మూట మాత్రము పెరిఁగినది. ఇంజను మోయుచున్నది గదా యని ట్రంకుపెట్టె వచ్చినది, హోల్డాలు వచ్చినది, మర బిగించు మూఁతగల మరచెంబు వచ్చినది, నీళ్లకూజా వచ్చినది, పులిహోర డబ్బా సరే సరి. పెండ్లికిఁ బోవు సంసారము స్టేషనులో దిగెనన్న ఇల్లే కదలివచ్చినట్లుండెడిది. ఇంజనుకు మెడనొప్పి లేదు. కాని బండి దిగిన పిదప ఆ బరువంతయు నెఱ్ఱచొక్కా కూలివాని తలమీఁదకే చేరినది. కూలి ముట్టినది నిజమే; బరువు మాత్రము తగ్గలేదు.

ఇప్పుడు మోటారు సైకిలునకు వచ్చితిమి. 1932లో రాబర్టు ఫుల్టన్ అను అమెరికా యువకుఁడు లండను నుండి మోటారు సైకిలుపై బయలుదేఱి, మన దేశము మీఁదుగా టోకియో చేరెను. 1937లో తాను ప్రకటించిన గ్రంథమునకు ఒంటివాని బిడారు అను నర్థమిచ్చు పేరు పెట్టెను. చక్కని పేరు. పదివేల యెడ్ల బిడారు ఒక్క మనుష్యునకుఁ గుదించుకొని వచ్చినది. మన దేశమున 1955లో, వీరాస్వామయ్యగారు బయలుదేఱిన చెన్నపట్టణపు టుత్తరభాగముననే, తిరువొత్తియూరున ఎన్‌ఫీల్డు బుల్లెట్టు బండ్ల కర్మాగారము స్థాపింపఁబడెను. సైన్యమునకును పోలీసులకును ఉద్దేశించిన ఆ బండి, క్రమముగా దూరయాత్రలు చేయు యువకుల వాహనమైనది. హైదరాబాదు నుండి ఉత్తరమునకుఁ బోవు యువకుఁడు నేఁడును నిర్మల మీఁదుగా నాగపురము దారినే పట్టును. వీరాస్వామయ్యగారి పల్లకీ నడిచిన దిక్కదే. ఇప్పుడది 44వ జాతీయరహదారి.

ఈ బండికి మూట గట్టుటలో మరల పెరిక సూత్రమే శరణ్యము. రెండు ప్రక్కల సంచులును తూకమునకు సమానముగా నుండవలెను. లేనిచో బండి ఒకవైపునకు లాగును. పనిముట్లు, అదనపు ట్యూబు, గాలిపంపు మొదలగు బరువులు అడుగునను, నడిపించువానికి దగ్గఱగాను ఉండవలెను. బట్టలు వానిపైని, వానకోటు అన్నిటికంటెఁ బైని. వాన పడుచుండఁగా సంచి యంతయుఁ గ్రుమ్మరించి వానకోటు వెదకువాఁడు అన్నిటిని తడుపుకొనును. వెనుక చట్రముమీఁద ఎత్తుగాఁ బేర్చినచో ముందుచక్రము తేలికయై చేతిపట్టు వణఁకును. సంచి పొగగొట్టమునకుఁ దగిలినచోఁ గాలిపోవును. కట్టిన త్రాటి కొన వ్రేలాడి చక్రమునఁ జిక్కినచోఁ బ్రాణాపాయమే. కావున కొనలను లోపలికి దోఁపి ముడివేయవలెను. బరువు పెరిఁగినకొలఁది బండిని నిలుపుటకు ఎక్కువ దూరము కావలెను. చక్రములలో గాలియు బరువునకుఁ దగినట్లు నింపవలెను. బయలుదేఱిన పదిమైళ్లకు ఆఁగి కట్లన్నియు మరల బిగింపవలెను. ఏలయన మూట కదలి కుదురుకొనును, త్రాడు వదులగును.

దారి తెలిసినచో మూట తేలిక యను వీరాస్వామయ్యగారి పాఠమును ఇచ్చట వర్తించును. మనాలి నుండి లేహ్‌కుఁ బోవు దారిలో తాండి యను నూరున పెట్రోలు బంకుకడ, తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరమున నున్నదని చాలకాలము ఒక పలక హెచ్చరించుచుండెడిది. ఆ సంగతి ముందుగా నెఱిఁగినవాఁడు డబ్బాలో నూనె నింపుకొనెను; ఎఱుఁగనివాఁడు అనవసరమైన బట్టలు మోసి నూనె లేక కొండలలో నిలిచెను. నూతిత్రాడు మఱచిన కాశీయాత్రికుఁడును ఇతఁడును ఒక్క బడివారే.

ఐనను, పాతకాలపు మూటలకును ఈ మూటకును ఒక్క భేదము కలదు. ఈ యువకుఁడు సాయంకాలము సత్రము చేరఁగానే సంచులను తానే విప్పి, తానే భుజమున వేసికొని మెట్లెక్కును. ప్రొద్దున తానే దింపి కట్టుకొనును. బోయీ లేఁడు, బేగారి లేఁడు. పదుగురి తలలమీఁద నున్న భారము తన చేతికి వచ్చినది. అందుచేతనే మొదటి యాత్రకు ఆఱు జతల బట్టలు పెట్టుకొన్నవాఁడు రెండవ యాత్రకు మూఁడింటితో సరిపెట్టుకొనును. వాని కెవరును ఉపదేశింపలేదు; వాని భుజమే చెప్పినది. వేయి యేండ్ల చరిత్రలో మూట తగ్గుటకు దొరకిన మంచి మార్గ మిదియే యని నా యభిప్రాయము.

కావునఁ బెద్దలారా, మీ మనుమఁడు మోటారు సైకిలుపై దూరదేశమునకుఁ బోవుదు ననినపుడు, వలదని కోపపడుటకంటె ప్రక్కఁ గూర్చుండి వాని మూట చూడుఁడు. రెండు సంచులను రెండుచేతుల నెత్తి తూఁచుఁడు. త్రాటి కొనలు చూడుఁడు. వానకోటు ఎచ్చట నున్నదో యడుగుఁడు. తలకు శిరస్త్రాణము, జేబులో గుర్తింపుకాగితము, రెండుచోట్ల రూకలు కలవో లేవో కనుఁగొనుఁడు. దారిలో నే యూరఁ బెట్రోలు దొరకునో, ఏ యూర వైద్యుఁడు గలఁడో వ్రాసికొనెనా యని ప్రశ్నింపుఁడు. ప్రేమచేత నేతిడబ్బాయు, అరిసెల మూటయు అదనముగాఁ గట్టకుఁడు. నాలుగు గుప్పిళ్ల అటుకులు చాలును. క్షేమముగాఁ బోయి లాభముగాఁ దిరిగి రమ్మని దీవించుట మన యాచారము గదా! లాభము తెచ్చువానికి సంచిలోఁ గొంత చోటు కావలెను. ఆ చోటును ఖాళీగా విడిచి, ముడివేసి పంపుఁడు.